పేరు పెట్టడమూ, చోటు చూపడమూ
(కంప్యూటరు ప్రోగ్రాములలో గ్లోబల్ చలరాశులను గురించి)

— బి.యస్సీ. తృతీయ సంవత్సర విద్యార్థి, ఆమదాలవలస

చలరాశి అనే మాట మనకు కొత్త కాదు. హైస్కూలు నుంచీ ఎక్స్ అనీ, వై అనీ దానితో సావాసం చేస్తూనే వున్నాం. గణితంలో ఎక్స్ ఆయుష్షు ఒక లెక్క వరకే. లెక్క తేలగానే అది పోతుంది, పక్క లెక్కలో మళ్ళీ వేరే విలువతో పుడుతుంది. దాన్ని గురించి ఎవరూ బెంగ పెట్టుకోరు. కంప్యూటరు ప్రోగ్రాములో కూడా చలరాశి అనే మాటనే వాడుతున్నా అక్కడ సంగతి వేరు. అక్కడ చలరాశి అంటే మెమొరీలో ఒక గది. ప్రతి గదికీ ఒక నంబరు వుంటుంది. 48వ గదిలో ఏముంది, 53వ గదిలో ఏముంది అని మనిషికి జ్ఞాపకం వుండదు కనుక ఆ గదికి ఒక పేరు పెడతాం. యంత్రానికి నంబరు చాలు, పేరు మనకోసం. ఈ వ్యాసమంతా ఆ పేరు గురించీ, ఆ గది ఎక్కడ వుండాలన్న దాని గురించీను.

చలరాశులు ముఖ్యంగా రెండు రకాలు. ఒక ఫంక్షను లోపల పుట్టి, ఆ ఫంక్షను ముగియగానే పోయేవి లోకల్ చలరాశులు. ప్రోగ్రాము మొదలైనప్పటి నుంచి కరెంటు తీసేవరకు వుండి, ఏ ఫంక్షనైనా చూడగలిగేవీ, మార్చగలిగేవీ గ్లోబల్ చలరాశులు. ఇంట్లో గాదె ఇంటివాళ్ళది. ఊరి చెరువు ఊరందరిదీ. పాఠ్యపుస్తకాలు చాలావరకు "గ్లోబల్ చలరాశులు వాడవద్దు" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి. మాట మంచిదే. కాని చెరువు లేకుండా ఊరు వుంటుందా? యంత్రానికి బాగా దగ్గరగా, అంటే ఆపరేటింగ్ సిస్టము లోపల గాని, చిన్న మైక్రోకంట్రోలరు మీద గాని రాసేవారికి గ్లోబల్ లేకుండా పని జరగదు. దీనికి కారణం ఇంటరప్టు. టైమరు నిండినప్పుడో, బయటి నుంచి సంకేతం వచ్చినప్పుడో ప్రాసెసరు చేస్తున్న పని ఆపి ఇంటరప్టు రొటీనులోకి దూకుతుంది. దాన్ని ఎవరూ పిలవరు, దానికి ఎవరూ ఆర్గ్యుమెంట్లు పంపరు, అది ఎవరికీ జవాబు తిరిగి ఇవ్వదు. పిలవని పేరంటంలా వచ్చి, పని చేసుకొని పోతుంది. అది చెప్పదలచుకొన్నదేదో ఒక ఉమ్మడి గదిలో రాసిపెట్టి పోవలసిందే. అందుచేత గ్లోబల్ వాడతామా మానతామా అన్న చర్చను పక్కన పెట్టి, దానికి ఏం పేరు పెట్టాలి, ఎక్కడ వుంచాలి, ఎవరు మార్చవచ్చు అని ఆలోచించడం లాభం.

ఈ గొడవ నన్నెందుకు పట్టుకుందో చెబుతాను. మాది వ్యవసాయ కుటుంబం. మా మెట్ట చెక్కకు ఒక బోరు వుంది. మా ఎలక్ట్రానిక్సు లాబులో వెనకటి బ్యాచి వారెవరో 8051 కిట్టు మీద చేసి వదిలిన పంపుసెట్టు కంట్రోలరు ప్రోగ్రాము ఒకటి వుంది. కరెంటు వచ్చిందా, మూడు ఫేజులూ వున్నాయా, బోరులో నీళ్ళున్నాయా అని చూసుకొని అది మోటారు వేస్తుంది, ఆపుతుంది. ఇలాంటిది పొలంలో వుంటే కరెంటు ఏ వేళకు వచ్చినా నాన్న టార్చిలైటు పట్టుకొని గట్ల మీద నడవక్కరలేదు. రాత్రిపూట ఆ గట్ల మీద ఏం తిరుగుతాయో పల్లెటూరి వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆ ప్రోగ్రామును తీసుకొని మా పొలానికి సరిపోయేలా చెయ్యాలని నేనూ, ఇద్దరు మిత్రులూ ప్రాజెక్టుగా పుచ్చుకొన్నాం. ప్రోగ్రాము పనిచేస్తుంది. చదివితే మాత్రం అర్థం కాదు. అసెంబ్లీ భాషలో వుంది. పైన గ్లోబల్ చలరాశుల పేర్లు వరసగా వున్నాయి: ఎ1, బి1, టెంప్, టెంప్1, ఫ్లాగ్, ఫ్లాగ్1, ఫ్లాగ్2, కౌంట్, కౌంట్1. ఫ్లాగ్2 విలువ ఒకటి అయితే ఏమని అర్థం? మోటారు తిరుగుతోందనా, తిరగకూడదనా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాలుగు పేజీల ప్రోగ్రామును రెండు రోజులు చదివాం. మోటారు విషయంలో ఈ రెంటికీ తేడా కొన్ని వేల రూపాయల వైండింగు.

మా ఊళ్ళో సూర్యనారాయణలు ఎంతమందో! అరసవల్లి దేవుడు దగ్గర వుండె కదా. సింహాచలాలు, అప్పలనాయుళ్ళు, పైడిరాజులు సరేసరి. వీధిలో నిలబడి "సూర్నారాయనా" అని కేకేస్తే నలుగురు వెనుదిరిగి చూస్తారు. ఊరన్నాక ఇది తప్పదు గనుకనే తెలుగువాడు ఇంటిపేరును అసలు పేరుకు ముందు పెట్టుకొన్నాడు. ముందు ఏ ఇల్లో తెలుస్తుంది, తరువాత ఆ ఇంట్లో ఎవరో తెలుస్తుంది. లోకల్ చలరాశికి ఇంటిపేరు అవసరం లేదు. ఇంట్లో పిల్లవాడిని ఇంటిపేరుతో ఎవరు పిలుస్తారు? బయటికి వచ్చేవాడికి కావాలి. గ్లోబల్ పేరుకు కూడా ఇదే చాలా మంచి పద్ధతి. అది ప్రోగ్రాములో ఏ భాగానికి చెందిందో ఆ భాగం పేరు ముందు, దాని సొంత పేరు వెనుక. టైమరు భాగానిది టైము_, మోటారు భాగానిది మోటారు_.

1970లలో యునిక్సు రాసిన వారు ఈ ఇంటిపేరు పద్ధతిని అవసరం కొద్దీ పట్టుకొన్నారు. ఆ తొలినాటి సి భాషలో ఒక చిక్కు వుండేది. స్ట్రక్చరు అంటే కొన్ని చలరాశులను ఒక కట్టగా కట్టడం. ఇప్పుడైతే రెండు వేరువేరు స్ట్రక్చర్లలో ఒకే సభ్యుడి పేరు వుండవచ్చు. అప్పుడు అన్ని స్ట్రక్చర్ల సభ్యుల పేర్లూ ఒకే రాశిలో పడేవి. అందుకని 1975 నాటి ఆరవ ఎడిషను యునిక్సులో ప్రాసెసు పట్టికలోని పేర్లన్నిటికీ ముందు పి_, యూజరు స్ట్రక్చరులోని వాటికి యు_, ఐనోడు వాటికి ఐ_ అని పెట్టారు. తరువాత భాషలోని చిక్కు తీరిపోయింది గాని అలవాటు పోలేదు, పోకపోవడమే మంచిదయింది. పి_ అని కనపడగానే అది ఎవరి ఆస్తో చదివేవాడికి తెలిసిపోతుంది.

అదే యునిక్సులో ఈ పద్ధతికి ఎదురు వచ్చే వింత కూడా వుంది. యూజరు స్ట్రక్చరు పేరు ఒట్టి "యు". ఒక్క అక్షరం! కెర్నెలంతటా వాడే గ్లోబలుకు ఒక్క అక్షరం పేరేమిటి అనిపిస్తుంది. ఆలోచిస్తే తప్పు కనపడదు. అది ఎప్పుడూ ఒకే చిరునామాలో వుంటుంది. ఒక ప్రాసెసు పోయి ఇంకొకటి వచ్చినప్పుడల్లా కెర్నెలు ఆ చిరునామా వెనుక వుండే అసలు మెమొరీని మార్చేస్తుంది. కాబట్టి "యు" అంటే ఎప్పుడూ ఇప్పుడు నడుస్తున్న ప్రాసెసుదే. "అయ్య" అంటే ఏ ఇంట్లో వాళ్ళకు ఆ ఇంటి అయ్యే కదా! పేరు పొట్టిగా వుండాలంటే దానికంత అందరెరిగిన హోదా వుండాలి. కౌంట్1కు అంత హోదా లేదు.

పేర్లు పొట్టివి కావడానికి సోమరితనం ఒక్కటే కారణం అనుకోకూడదు. వెనుకటి లింకర్లు పొడుగు పేర్లను పట్టించుకొనేవి కావు. 1989 నాటి సి ప్రమాణంలో కూడా బయటి ఫైళ్ళకు కనిపించే పేర్లలో మొదటి ఆరు అక్షరాల వరకే హామీ. ఏడో అక్షరంలో తేడా వున్న రెండు పేర్లను లింకరు ఒకటే అనుకోవచ్చు. స్ట్ర్‌కాపీ, స్ట్ర్‌క్యాట్, ప్రింటెఫ్, మాలక్ వంటి వాటిని ఇంగ్లీషు అక్షరాలలో లెక్కపెట్టి చూడండి, ఆరు దాటవు. 1999 ప్రమాణంలో ఆ హద్దు 31 అక్షరాలకు పెరిగింది. కాబట్టి ఈ రోజున ఎవరైనా ఫ్లాగ్2 అని పేరు పెడితే లింకరు మీద నెపం వెయ్యడానికి వీల్లేదు.

ఒకసారి ఊరందరి నోళ్ళలో పడిన పేరును మార్చడం ఎంత కష్టమో తెలియాలంటే మా రైలు స్టేషను చూడాలి. ఊరు ఆమదాలవలస. స్టేషను బోర్డు మీద పేరు శ్రీకాకుళం రోడ్డు. కొత్తవాళ్ళు శ్రీకాకుళం వచ్చేసిందని దిగి, ఊరెక్కడ అని అడుగుతారు. ఇంకా తమాషా ఏమంటే, టిక్కెట్టు మీద వుండే స్టేషను కోడు సి.హెచ్.ఇ. ఈ అక్షరాలు శ్రీకాకుళంలోనూ లేవు, ఆమదాలవలసలోనూ లేవు. ఇంగ్లీషువారు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు, ఆ చికాకోల్ తాలూకు అక్షరాలవి. చికాకోల్ అన్న మాట జనం మరచిపోయారు గాని కోడు మిగిలింది. మద్రాసు చెన్నై అయినా సెంట్రల్ స్టేషను కోడు ఎం.ఎ.ఎస్. గానే వున్నట్లు. బోర్డు మీది పేరు ఒకచోట వుంటుంది, రంగు వేసి మార్చవచ్చు. కోడు ఎన్ని చోట్లకు పాకి వుందో! గ్లోబల్ పేరు సంగతీ ఇంతే. ఒక ఫైలులో వుంటే నిమిషం పని. ముప్ఫై ఫైళ్ళు దాన్ని పట్టుకొని వేళ్ళాడుతుంటే, అందులో కొన్ని మన చేతిలో లేనివైతే, ఆ పేరు ఇక చిరంజీవే. అందుకనే గ్లోబలుకు పేరు మొదటిరోజునే ఆలోచించి పెట్టాలి.

ఇక చోటు సంగతి. పెద్ద కంప్యూటరులో మెమొరీ కోట్ల బైట్లలో వుంటుంది గనుక చోటు ఎవరికీ పట్టదు. 8051 అలా కాదు. ఇంటెల్ కంపెనీ 1980లో తెచ్చిన ఈ చిప్పులో డేటాకు లోపల వున్న మెమొరీ 128 బైట్లు. అర ఎకరం చెక్కలో నారుమడి, కూరపాదులు, పశువుల పాక అన్నీ సర్దుకొన్నట్లు సర్దుకోవాలి. మొదటి 32 గదులు, అంటే 0 నుంచి 31 వరకు, రిజిస్టర్లవి: ఎనిమిదేసి చొప్పున నాలుగు బ్యాంకులు. 32 నుంచి 47 వరకు వున్న 16 గదులకు ఒక ప్రత్యేకత వుంది. వాటిలో ఒక్కొక్క బిట్టుకూ వేరే చిరునామా వుంటుంది. మొత్తం 128 బిట్లు. అవును, కాదు అని చెప్పే ఫ్లాగులకు ఇది తగిన నేల. 48 నుంచి 127 వరకు 80 గదులు మామూలు చలరాశులకు.

స్టాకు కూడా ఈ 128లోనే వుండాలి. సబ్‌రొటీనును పిలిచినప్పుడు తిరిగి రావలసిన చిరునామాను దాచే చోటు అది. రీసెట్ కాగానే స్టాకు పాయింటరు విలువ 7 అవుతుంది. పెట్టేముందు ఒకటి పెంచి పెడుతుంది గనుక మొదటి వస్తువు 8వ గదిలో పడుతుంది. అది ఒకటో బ్యాంకు రిజిస్టర్ల ఇల్లు! అక్కడి నుంచి పైకి పెరుగుతూ పోతుంది. 24 బైట్లు నిండాక 32వ గదిలో, అంటే మన ఫ్లాగుల మడిలో కాలు పెడుతుంది. ఒక్కొక్క పిలుపుకు రెండు బైట్లు. పిలుపులో పిలుపు, దాని మధ్యలో ఇంటరప్టు, ఆ ఇంటరప్టు రిజిస్టర్లను దాచుకోవడం, ఇవన్నీ కలిస్తే 24 బైట్లు ఎంతసేపు? పక్కవాడి గట్టు మీద నుంచి ఆవు దిగి మన మొక్కలు మేసినట్లు తిరుగు చిరునామా వచ్చి ఫ్లాగుల మీద పడుతుంది. ప్రోగ్రాములో ఆ ఫ్లాగును మార్చే వాక్యం ఎంత వెతికినా దొరకదు, ఎందుకంటే దాన్ని పేరు పెట్టి ఎవరూ మార్చలేదు. సి భాషలో రాస్తే కంపైలరు స్టాకును చలరాశుల పైకి తానే జరుపుతుంది. అసెంబ్లీలో రాసేవాడు మొదటి వాక్యంగా స్టాకు పాయింటరును తగిన చోటికి జరపాలి. లాబులో వున్న ప్రోగ్రాములో ఆ వాక్యం లేదు.

ఇలా హద్దురాళ్ళు పాతే సంప్రదాయం పాతదే. 1984లో మన దేశంలో బడుల్లో కంప్యూటరు చదువు కోసం మొదలైన క్లాస్ పథకంలో బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలోని 6502 ప్రాసెసరుకు మొదటి 256 బైట్లంటే ప్రాణం. జీరో పేజీ అంటారు, అక్కడి వాటిని పొట్టి ఆదేశాలతో త్వరగా అందుకోగలదు. అందరికీ అదే కావాలి. బేసిక్ నడుస్తున్నప్పుడు దానిలో వాడకందారుకు విడిచిపెట్టినది 32 బైట్లు, మిగతాది ఆపరేటింగ్ సిస్టమూ, బేసిక్కూ పంచుకొన్నాయి. ఎవరి వాటా ఎంతవరకో పుస్తకంలో అచ్చువేసి ఇచ్చారు.

చోటు కుదిరింది, పేరు కుదిరింది. దాన్ని ఎవరు మార్చవచ్చు? నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నాగావళి కాలువల కింద భూములున్నవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. కాలువ మీద మదుము వుంటుంది. తలుపు ఎంత ఎత్తి వుందో దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు, చూసి తన చేనికి నీళ్ళు ఎప్పుడందుతాయో అంచనా వేసుకొంటాడు. ఎత్తడం, దించడం మాత్రం లస్కరు పని. చివరి భూములవాడు రాత్రి వచ్చి ఎత్తేసి, పైవాడు తెల్లారకుండా దించేస్తే ఏం జరుగుతుందో మా వైపు అందరికీ అనుభవమే. మా ప్రాజెక్టు గురించి ఇంట్లో చెబుతున్నప్పుడు నాన్న విని, "మదుము తలుపు ఒక్కడి సేతిలోనే ఉండాల్రా. సూడ్డానికైతే ఊరంతా సూడొచ్చు. ఎవుడికాడే ఎత్తీసుకుంటే ఇంక లస్కరెందుకు?" అన్నాడు. కంప్యూటరు పుస్తకాలలో ఇదే సూత్రాన్ని రాసేది ఒకరు, చదివేది పలువురు అని చెబుతారు. ప్రతి గ్లోబలుకూ ఒక యజమాని భాగం వుండాలి. మిగతావారు మార్చదలిస్తే ఆ యజమానిని అడగాలి, అంటే అతని ఫంక్షనును పిలవాలి. సి భాషలో స్టాటిక్ అనే మాటతో ఆ చలరాశిని ఒక ఫైలులోనే బంధించవచ్చు. అప్పుడు బయటివాడు తలుపు ముట్టుకోవాలన్నా ముట్టుకోలేడు.

యజమాని వున్నంత మాత్రాన సరిపోదు, రాసే విలువకు అర్థం కూడా స్థిరంగా వుండాలి. దీనికి వైద్యరంగంలో ఒక ఘోరమైన ఉదాహరణ వుంది. థెరాక్-25 అనేది కెనడాలో తయారైన కేన్సరు చికిత్స యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు అది ఆరుసార్లు రోగులకు మోతాదు మించిన రేడియేషను ఇచ్చింది. దాని ప్రోగ్రాము పి.డి.పి.-11 అసెంబ్లీ భాషలో వుండేది. అనేక పనులు ఏకకాలంలో నడుస్తూ ఉమ్మడి చలరాశుల ద్వారా మాట్లాడుకొనేవి. వాటిలో ఒకదాని పేరు క్లాస్3. అది సున్న అయితే అంతా సరిగా వుందని, సున్న కాకపోతే ఇంకా పరీక్షించాలని అర్థం. పరీక్షించవలసి వుందని చెప్పడానికి దానిలో ఏదో ఒక స్థిరమైన విలువ పెట్టి వుంటే బాగుండేది. అలా కాక, సిద్ధం చేసే రొటీను నడిచిన ప్రతిసారీ ఒకటి కలుపుతూ పోయారు. ఆ రొటీను ఒక చికిత్సకు ముందు వందలసార్లు నడుస్తుంది. క్లాస్3 ఒక్క బైటు. 255 తరువాత ఒకటి కలిపితే సున్న. అంటే ప్రతి 256వ సారి, పరీక్షించవలసి వున్నా, అది "అంతా సరే" అంటుంది. 1987 జనవరిలో అమెరికాలోని యాకిమాలో ఆపరేటరు సరిగ్గా ఆ క్షణంలో బటను నొక్కాడు. కిరణాలకు అడ్డు వుండవలసినవి వాటి చోటుల్లో లేకుండానే యంత్రం పనిచేసింది. ఆ రోగి మరణించాడు. తరువాత చేసిన సవరణ ఒకటి కలపడం మాని, సున్న కాని ఒక స్థిరసంఖ్య పెట్టడం. అంత చిన్నది. క్లాస్3 అన్న పేరు చూసి అది ఫ్లాగో, లెక్కించే కౌంటరో ఎవరూ చెప్పలేరు. పేరులో ఆ భేదం వుండి వుంటే ఒకటి కలిపే వాక్యం చదివినవాడి కంటికి ఎబ్బెట్టుగా కనిపించేదని నా ఊహ.

ఒకే ఉమ్మడి గదిని ఇద్దరు తాకినప్పుడు వచ్చే ఇంకొక చిక్కు ఇంతకన్నా సూక్ష్మం. 8051 ఎనిమిది బిట్ల యంత్రం. ఒకసారికి ఒక బైటు మాత్రమే చదవగలదు. మోటారు ఎన్ని సెకన్లు తిరిగిందో లెక్కపెట్టడానికి 255 చాలదు గనుక రెండు బైట్లు వాడాలి. టైమరు ఇంటరప్టు వచ్చి దాన్ని పెంచుతుంది, ముఖ్య ప్రోగ్రాము చదువుతుంది. విలువ 255 అనుకోండి: కింది బైటు 255, పై బైటు 0. ముఖ్య ప్రోగ్రాము కింది బైటు చదివింది, 255 వచ్చింది. సరిగ్గా అప్పుడే ఇంటరప్టు వచ్చి విలువను 256 చేసింది: కింది బైటు 0, పై బైటు 1. ముఖ్య ప్రోగ్రాము తిరిగి వచ్చి పై బైటు చదివితే 1. రెండూ కలిపితే 256 కి 255 చేర్చి 511! 500 సెకన్లకు ఆగవలసిన మోటారు 255వ సెకనుకే ఆగిపోతుంది. ఇది రోజూ జరగదు. ఇంటరప్టు ఆ రెండు ఆదేశాల సందులో పడినప్పుడే జరుగుతుంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి సగం మడి తడిసి ఆగిపోతే రైతు కరెంటును తిడతాడు గాని చలరాశిని తిడతాడా? నివారణ సులువు. చదివే ముందు ఇంటరప్టులను ఆపి, చదివాక మళ్ళీ వదలాలి. లేదా పై బైటు, కింది బైటు, మళ్ళీ పై బైటు చదివి, పై బైటు రెండుసార్లూ ఒకటే వస్తేనే నమ్మాలి.

ఫ్లాగుల విషయంలోనూ ఇటువంటిదే వుంది. ఎనిమిది ఫ్లాగులను ఒక బైటులో కట్టి, ఆ బైటును తీసి, ఒక బిట్టు మార్చి, తిరిగి పెట్టామనుకోండి. తీసిన తరువాత, పెట్టేలోపు ఇంటరప్టు వచ్చి అదే బైటులో వేరే బిట్టు మార్చితే, మన పాత నకలు దాని మీద పడి ఆ మార్పు తుడిచిపెట్టుకు పోతుంది. ఒకే అడంగలు పేజీని ఇద్దరు గుమాస్తాలు ఇంటికి నకలు పట్టుకుపోయి దిద్ది తెచ్చినట్లు. 8051లో 32 నుంచి 47 వరకు వున్న గదులు ఇందుకే అమూల్యం. అక్కడ ఒక బిట్టును ఒకే ఆదేశంతో పెట్టవచ్చు, తీసెయ్యవచ్చు. మధ్యలో ఎవరూ దూరలేరు. చోటును బట్టి క్షేమం అంటే ఇదే. సి భాషలో రాసేవారు ఇంటరప్టు మార్చే చలరాశికి వొలటైల్ అనే గుర్తు తగిలించాలి. లేకపోతే కంపైలరు తన తెలివితో దాన్ని ఒక రిజిస్టరులో దాచుకొని, అసలు గది వంక మళ్ళీ చూడనే చూడదు.

పెద్ద వ్యవస్థలలో ఈ ఉమ్మడి ఆస్తి ఎంత పెరగగలదో రెండు మాటలలో చెబుతాను. 2013లో అమెరికాలోని ఓక్లహోమాలో టొయోటా కారు ప్రమాదం మీద నడిచిన కేసులో మైకేల్ బార్ అనే నిపుణుడు ఆ ఇంజను ప్రోగ్రామును పరిశీలించి, దానిలో గ్లోబల్ చలరాశులు పదివేలకు పైగా వున్నాయని సాక్ష్యం చెప్పాడు. అంతకు ముందు 2011లో నాసా ఇంజనీర్లు చేసిన పరిశీలన ప్రమాదాలకు ఎలక్ట్రానిక్ కారణాన్ని నిర్ధారించలేదన్న సంగతి కూడా చెప్పాలి. ప్రమాదానికి కారణం ఏదైనా, పదివేల మదుములకు లస్కరు ఎవరు? లినక్సు కెర్నెలులో జిఫ్ఫీస్ అనే గ్లోబల్ వుంది, టైమరు కొట్టినప్పుడల్లా ఒకటి పెరిగేది. 32 బిట్ల యంత్రంలో సెకనుకు వందసార్లు పెరిగితే 497 రోజులకు నిండి మళ్ళీ సున్నకు వస్తుంది. అప్పుడు పైకి తేలే తప్పుల కోసం 497 రోజులు ఎవరు కాచుకు కూర్చుంటారు? అందుకని వాళ్ళు దాన్ని సున్నతో మొదలుపెట్టకుండా, అయిదు నిమిషాలలో నిండేలా మొదలుపెడతారు. తప్పు వుంటే అయిదో నిమిషానికే దొరుకుతుంది. ఇది చదివినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

గ్లోబలంటే పాపమన్నట్లు మాట్లాడేవారికి మన తెలుగువారి పని ఒకటి చూపించాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలోనూ, న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలోనూ, స్టాన్‌ఫర్డులోనూ చదివి 1969లో కార్నెగీ మెలన్ చేరారు. (యునిక్సు ఆరవ ఎడిషనుకు ప్రసిద్ధమైన వ్యాఖ్యానం రాసిన జాన్ లయన్స్ పాఠాలు చెప్పిందీ ఆ న్యూ సౌత్ వేల్సులోనే.) 1970లలో అక్కడ ఆయన నాయకత్వంలో మాటను అర్థం చేసుకొనే హియర్సే-2 అనే వ్యవస్థ తయారయింది. దాని నడిబొడ్డున వున్నది ఒక పెద్ద ఉమ్మడి మెమొరీ. దానికి వారు పెట్టిన పేరు బ్లాక్‌బోర్డు. ధ్వనులు తెలిసిన భాగం, పదాలు తెలిసిన భాగం, వాక్యనిర్మాణం తెలిసిన భాగం వేటికవే. ఒకదానినొకటి పిలుచుకోవు. తమకు తోచిన ఊహను నల్లబల్ల మీద రాస్తాయి, పక్కవారి ఊహను చూసి తమది దిద్దుకొంటాయి. మరి అల్లరి కాలేదా? కాలేదు, ఎందుకంటే బల్లకు గీతలున్నాయి. ధ్వని నుంచి వాక్యం వరకు అంతస్తులు ఒకవైపు, మాట సాగే కాలం ఇంకొకవైపు. ప్రతి ఊహా ఏ అంతస్తుదో, ఏ క్షణానిదో, ఎంత నమ్మకమో చెప్పి మరీ రాయాలి. సుమారు వెయ్యి పదాల పరిధిలో అది వాక్యాలను పట్టుకోగలిగింది. 1994లో రాజ్ రెడ్డి గారికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ గారితో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఎచ్చెర్లలో మన జిల్లా ట్రిపుల్ ఐటీ వున్న విశ్వవిద్యాలయానికి ఆయన ఛాన్సలరుగా కూడా పనిచేశారు. ఇక్కడ ఉమ్మడి మెమొరీ దాచవలసిన లోపంగా కాక, మొత్తం వ్యవస్థకు దూలంగా నిలిచింది.

మా కంట్రోలరు అంత గొప్పది కాదు. ముగ్గురం కూర్చొని పాత పేర్లను ఒక్కొక్కటీ పట్టుకొని, అది నిజంగా చేస్తున్న పనేమిటో తేల్చి కొత్త పేరు పెట్టాం. పేర్లు తెలుగువే, ఇంగ్లీషు అక్షరాలతో. ఫ్లాగ్ అన్నది కరెంటు_మూడుఫేజులున్నాయి అయింది. ఫ్లాగ్2 అన్నది మోటారు_వెయ్యకూడదు అయింది. అవును కాదు చెప్పే ప్రతి పేరూ ఒక వాక్యంలా చదవడానికి వీలుండాలని, ఒకటి అంటే ఆ వాక్యం నిజమని నియమం పెట్టుకొన్నాం. కాలం చెప్పేవాటికి చివర సెకన్లో నిమిషాలో తప్పక రాశాం: బోరు_ఎండిన_సెకన్లు. టెంప్ అనేది మూడు వేరువేరు చోట్ల మూడు వేరువేరు పనులకు వాడుతున్నారని తేలింది. దాన్ని మూడు ముక్కలు చెయ్యడానికి మూడు బైట్లు ఖర్చయ్యాయి. 80లో మూడు తక్కువేమీ కాదు, అయినా ఇచ్చాం. ఫ్లాగులన్నీ 32వ గది నుంచి, రెండు బైట్ల లెక్కలన్నీ 48 నుంచి, స్టాకు 96 నుంచి పైకి. మోటారు_ పేర్లు మోటారు రొటీను తప్ప వేరెవరూ మార్చరాదు.

ఇదంతా ఒక కాగితం మీద పట్టికగా గీశాం. గది నంబరు, పేరు, ఒకటి అంటే అర్థం లేదా కొలమానం, ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, ఇంటరప్టు తాకుతుందా లేదా: ఆరు గళ్ళు. ఆ కాగితం అట్టకు అంటించి లాబులో కిట్టు పక్కన మేకుకు తగిలించి వుంది. ఖాళీ గదులు ఇంకా ఇరవై పైచిలుకు వున్నాయి. రాబోయే బ్యాచి వారు ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకొన్నవారు పట్టికలో పెన్నుతో రాసి, పక్కన తేదీ వెయ్యాలి.